శిలాజిత్ రిపోర్టులో ‘హెవీ మెటల్స్: కంప్లైస్’ అని మాత్రమే ఉంది, నమ్మొచ్చా?

చందానగర్_అమ్మాయి:
నమస్తే అండీ. మా నాన్నకి 66 ఏళ్లు. బీపీ మాత్రలు వేసుకుంటారు, పోయిన నెల కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ కాస్త ఎక్కువగా 1.5 వచ్చింది. అన్నయ్య ఫోన్‌లో ప్రకటన చూసి, కొండరాళ్లలోంచి కారే జిగురుతో చేసే ఆయుర్వేద మందు శిలాజిత్ తెప్పించాడు. 20 గ్రాముల డబ్బా, 1,499 రూపాయలు. ‘16,000 అడుగుల ఎత్తు నుంచి, ప్రకృతికి హాని లేకుండా సేకరించినది, ఫుల్విక్ యాసిడ్ 80 శాతం’ అని రాసుంది. నాన్న రోజూ శెనగ గింజంత తీసి పాలల్లో కలుపుకుని తాగుతున్నారు. మోకాళ్లు తేలికయ్యాయంటారు. రిపోర్టు అడిగితే కంపెనీ వాళ్లు ఒక పేజీ పీడీఎఫ్ పంపారు. అందులో ‘హెవీ మెటల్స్: కంప్లైస్’ (సీసం, పాదరసం లాంటివి పరిమితి లోపే ఉన్నాయని) అని ఒక్క ముక్క ఉంది, అంకెలు లేవు. వీడియోల్లో చెప్పినట్టు వేడినీళ్లలో వేశాను, తేనె రంగులో కరిగింది. మంట మీద పెడితే అంటుకోలేదు, బుడగలు వచ్చాయి. అసలుదే అనుకోవచ్చా?

ఎరువులకొట్టు_గుంటూరు:
అమ్మాయీ, ఆ వేడినీళ్ల పరీక్ష మీద నాకు నమ్మకం పోయి ఏడాదైంది. మా కొట్లో మిరపకి డ్రిప్పులో వదిలే హ్యూమిక్, ఫుల్విక్ యాసిడ్లు అమ్ముతాం, చెట్టూచేమా కుళ్లితే వచ్చే పదార్థాలు. శిలాజిత్‌లో ఎక్కువ భాగం ఉండేది కూడా ఆ జాతి పదార్థమే. కాకపోతే అది కొండరాళ్ల సందుల్లోంచి ఊరుద్ది, మాది లిగ్నైట్ బొగ్గుని కాస్టిక్ పొటాష్‌లో వండి తీస్తారు. కిలో రెండొందల చిల్లర.

పోయినేడు మా బావమరిది ఇట్టాంటి డబ్బానే పట్టుకొచ్చి, నీళ్లలో ఎట్టా కరుగుద్దో చూడు బావా అన్నాడు. నేను కొట్లోంచి చిటికెడు ఫుల్విక్ పొడి తెచ్చి రెండో గ్లాసులో వేశా. గ్లాసులు అటూ ఇటూ మార్చి, నీదేదో చెప్పరా అన్నా. తప్పు చెప్పాడు. గరిటె మీద కాల్చినా మాది కూడా అంటుకోలా. మా అక్క మాత్రం గరిటె పాడు చేశానని తిట్టింది.

నీ డబ్బాలో బొగ్గు సరుకే ఉందని నేననటంలా. ఆ పరీక్షతో ఏదీ తేలదంటున్నా. కిలో లెక్క కట్టి చూడు, దాదాపు 75 వేలు. పక్కనే రెండొందల సరుకు దొరుకుతుంటే కలిపే చెయ్యి ఆగుద్దా?

నాచారం_ల్యాబ్:
గుంటూరు అన్న చెప్పింది నిజం. ఇంట్లో చేసే ఏ పరీక్షకీ సీసం కనపడదు. దానికి ఐసీపీ-ఎంఎస్ లాంటి యంత్రం కావాలి.

‘కంప్లైస్’ సంగతి చెప్తాను. మన ఆయుర్వేద మందులకి పరిమితులు: సీసం 10 పీపీఎం (అంటే గ్రాముకి 10 మైక్రోగ్రాములు), ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3. సీసం 9.8 ఉన్నా కంప్లైస్ అనే రాస్తారు, 0.2 ఉన్నా అదే రాస్తారు. శెనగ గింజంత అంటే సుమారు అర గ్రాము అనుకుందాం. 10 పీపీఎం దగ్గర ఆ అర గ్రాములో 5 మైక్రోగ్రాముల సీసం ఉంటుంది. గర్భం దాల్చే వయసు ఆడవాళ్లకి రోజు మొత్తం తిండిలో 8.8 దాటకూడదని అమెరికా ఎఫ్‌డీఏ పెట్టుకున్న గీత. పెద్దాయనకి ఆ గీత నేరుగా వర్తించదు గానీ, ఆ ఒక్క శెనగ గింజంతతో ఎంత లోపలికి పోతోందో తెలుస్తుంది కదా. అందుకే అంకె అడగండి.

రిపోర్టు మీదున్న బ్యాచ్ నంబరూ, డబ్బా మీదున్న బ్యాచ్ నంబరూ ఒకటేనా చూడండి. చాలామంది దగ్గర ఒకే రిపోర్టు ఏళ్ల తరబడి తిరుగుతుంటుంది. ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీఎల్ వాళ్ల గుర్తు ఉంటే సరిపోదు, ఆ ల్యాబ్‌కి ఈ పరీక్షకే గుర్తింపు ఉందో లేదో వాళ్ల సైట్‌లో టీసీ నంబరు (ల్యాబ్ సర్టిఫికెట్ నంబరు) కొట్టి స్కోప్, అంటే గుర్తింపు ఉన్న పరీక్షల జాబితా, చదవాలి.

ఇక 80 శాతం ఫుల్విక్ కథ. పాత పద్ధతిలో యాసిడ్ పోస్తారు, హ్యూమిక్ అడుక్కి దిగుతుంది, పైన కరిగి ఉన్నదంతా ఫుల్విక్ ఖాతాలో పడుతుంది. బెల్లం కలిపితే అదీ ఫుల్విక్కే! ఇలాంటివి ఏరెయ్యడానికే ఎరువుల కోసం 2018లో ఐఎస్ఓ 19822 అనే పద్ధతి వచ్చింది. ఏ పద్ధతిలో కొలిచారని అడగండి. జవాబు రాకపోతే ఆ 80ని మర్చిపోండి.

క్రియాటినిన్ 1.5 అన్నారు. ఒంట్లో చేరిన సీసాన్ని బయటికి పంపాల్సింది ఆ కిడ్నీలే. డాక్టరుగారికి డబ్బా చూపించేదాకా ఆపించండి.

మాజీ_జవాన్_పార్వతీపురం:
నేను ఉత్తరాఖండ్‌లో పిథోరాగఢ్ వైపు రెండేళ్లు పనిచేశాను. మే, జూన్ ఎండలకి రాళ్ల పగుళ్లలో నల్లగా జిగురు కారుతుంది, గోమూత్రం వాసన. తాడు కట్టుకుని దిగి, రాతితో సహా చెక్కి గోనెలో తెచ్చేవారు. ముక్కలు కొట్టి, నీళ్లలో నానేసి, వడగట్టి, పెద్ద కడాయిలో రోజంతా మరగబెట్టేవారు. కట్టెలు ఎన్ని తగలబెట్టేవారో! ఎండలో ఆరబెట్టే పద్ధతీ ఉంది, సూర్యతాపి అంటారు, కానీ వారాలు పడుతుంది, అంత ఓపిక ఎవరికి? నేను చూసిన వాళ్లెవరూ 16,000 అడుగులు ఎక్కలేదు. ఊరి పైనున్న కొండలే.

‘ప్రకృతికి హాని లేకుండా’ అన్నారు కదా, ఏ జిల్లా, ఏ లోయ, ఎవరి దగ్గర కొన్నారు, కట్టెల మీదా ఎండలోనా, ఈ నాలుగూ అడగండి. తాడు పట్టుకుని దిగినోడికి ఎంత ముట్టిందో కూడా అడగాలనిపిస్తుంది నాకు.

చందానగర్_అమ్మాయి:
అందరికీ థాంక్స్. బ్యాచ్ నంబర్లు కలవలేదు, రిపోర్టు రెండేళ్ల పాతది. సీసం అంకె, లోయ పేరు అడిగితే ‘ట్రేడ్ సీక్రెట్’ అని జవాబిచ్చి, పది శాతం డిస్కౌంట్ కూపన్ పంపారు. నాన్న అలిగారు గానీ ఆపేశారు. డాక్టరుగారు రక్తంలో సీసం పరీక్ష రాశారు. 1,499 పారేయొద్దు, కరివేపాకు చెట్టుకి పొయ్యమంటున్నారు నాన్న. గుంటూరు అన్నా, పనికొస్తుందా?

ఎరువులకొట్టు_గుంటూరు:
మందారానికి పొయ్యమ్మా. కరివేపాకుకొద్దు, సీసం గానీ ఉంటే తిరిగి మీ పులుసులోకే వచ్చుద్ది. పోశాక మొదట్లో చీమలు పడితే ఇక్కడ రాయి, బెల్లం సంగతన్నా తేలుద్ది.