డల్లాస్‌లో మామగారి దహనం: బిల్లులో ఏది కట్టాలి, ఏది వద్దనాలి?

అనంతపురం, కొత్తగా డల్లాస్:
మేం వచ్చి మూడు నెలలే. మమ్మల్ని చూడ్డానికి వచ్చిన మామగారు నిన్న గుండెపోటుతో పోయారు. దహనం ఇక్కడే చేసి అస్థికలు ఊరికి తీసుకుపోవాలి. అంత్యక్రియలు చేయించే ఫ్యూనరల్ హోమ్ వాళ్లు ఎంబామింగ్ (దేహం చెడకుండా మందులెక్కించడం), పెట్టె కలిపి ప్యాకేజీ అంటున్నారు. అన్నీ కట్టాల్సిందేనా?

ప్రొద్దుటూరు, ఇక్కడ 19 ఏళ్లు:
తమ్ముడూ, ఇప్పుడే సంతకం పెట్టొద్దు. ముందు రేట్ల కాగితం అడుగు. ఇక్కడి ప్రభుత్వ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వాళ్ల ఫ్యూనరల్ రూల్ 1984 నుంచి ఉంది. నేరుగా పోయి అడిగితే దేనికెంతో విడివిడిగా ఉన్న కాగితం చేతికియ్యాలి. ఫోన్లో అడిగినా ధర చెప్పాలి. వాళ్ల పనికి వేసే బేసిక్ సర్వీస్ ఫీజు మాత్రం తప్పదు.
మా నాయన పోయినప్పుడు నాకివేవీ తెలియవు. ఒకాయన మెత్తగా మాట్లాడుతూ పెట్టెలున్న గదిలోకి తీసుకుపోయాడు. పట్టుచీరల అంగట్లో మాదిరి ఖరీదైనవన్నీ ముందు, చవకవి ఎక్కడో మూల. "మీ నాన్నగారికి ఏది తగినట్టుంటుంది?" అన్నాడు. ఇంకేం బేరమాడతాం? కాల్చేసే పెట్టెకు ఓక్ చెక్క! చివరిచూపు కార్యక్రమాలేవీ లేకుండా చేసే నేరు దహనానికి అట్టపెట్టె చాలని, అట్లాంటిది వాళ్ల దగ్గర ఉండి తీరాలని తర్వాత తెలిసింది. ఆ బిల్లు మా అమ్మకు ఇప్పటికీ చూపలేదు.

కర్నూలు, హ్యూస్టన్:
ఎంబామింగ్ లేకుంటే దేహాన్ని విమానం ఎక్కించుకోరు. హైదరాబాద్‌కు పంపండి.

ప్రొద్దుటూరు:
దహనం ఇక్కడే అని రాశాడు కదన్నా! అయినా అనంతపురానికి హైదరాబాద్ ఏంది, బెంగళూరు దగ్గర.

కడప, ఆస్టిన్:
టెక్సస్‌లో మామూలుగా 48 గంటలు దాటాకే దహనం. అంతవరకు ఫ్రిజ్‌లో పెడితే చాలు, ఎంబామింగ్ అక్కర్లేదు. డెత్ సర్టిఫికెట్ కాపీలు ఎక్కువే తీసుకో. మామగారి పాస్‌పోర్టు, దహనం సర్టిఫికెట్ పట్టుకుని అస్థికల కాగితాల కోసం హ్యూస్టన్‌లోని మన కాన్సులేట్‌ను అడుగు. దహనం మొదలెట్టే బటన్ మిమ్మల్నే నొక్కనిస్తారేమో కనుక్కో, దానికి వేరే రేటుందేమో కూడా.

కర్నూలు:
అస్థికలకు సంగమేశ్వరం మంచిది.

కడప:
శ్రీశైలం నీళ్లు తగ్గితేగానీ ఆ గుడి బయటపడదు. పుష్పగిరికి పోండి.

కర్నూలు:
మీ పెన్నలో నీళ్లెప్పుడున్నాయి?

అనంతపురం:
కాగితం ఇచ్చారు. ఎంబామింగ్ తీసేయించాను. ఫ్రిజ్‌కు మాత్రం రోజుకింత అని వేశారు. ఆగాల్సింది రూల్ వల్లే కదా, మేమే కట్టాలా?

ప్రొద్దుటూరు:
కాగితంలో ఆ రేటుంటే కట్టాలి. కానీ కొన్నిచోట్ల నేరు దహనం ధరలోనే అది కలిసి ఉంటుంది. రెండుసార్లు వేశారేమో చూడు.