అప్‌డేట్: ఇయర్‌బడ్స్‌కి సోలార్ ఛార్జింగ్

ఇయర్‌బడ్స్ ఛార్జింగ్ కేసు మూత మీద చిన్న సోలార్ ప్యానెల్ అతికిస్తే సరిపోతుందా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా, మీరంతా వద్దన్నాక ఆ ఆలోచన వదిలేశాను. అంత చోటులో పట్టే ప్యానెల్ మంచి ఎండలో పావు వాట్ ఇస్తే గొప్ప. పైగా 45 డిగ్రీలు దాటిన లిథియం బ్యాటరీని ఛార్జ్ చేయకూడదు. ఎండలో నల్ల కేసు ఆ వేడికి ఇట్టే చేరుతుంది.

ఇప్పుడు 1 వాట్ ప్యానెల్ విడిగా కిటికీ బయట ఉంది. దాన్ని నేరుగా కేసుకి కలిపితే మబ్బు పట్టినప్పుడల్లా ఛార్జింగ్ ఆగిపోతోంది. అందుకే మధ్యలో టీపీ4056 బోర్డు (లిథియం సెల్‌ని ఛార్జ్ చేసేది), నీడలో ఒక 18650 లిథియం సెల్, ఆపైన సెల్ వోల్టేజీని 5 వోల్టులకి పెంచే బూస్ట్ బోర్డు పెట్టాను. టీపీ4056 మామూలుగా 1 ఆంపియర్ లాగాలని చూస్తుంది, ఈ ప్యానెల్‌కి అంత సీన్ లేదు. ఛార్జింగ్ కరెంటు ఎంతో నిర్ణయించే దాని 1.2 కిలో ఓమ్ రెసిస్టర్ తీసి 10 కిలో ఓమ్‌ది వేస్తే ఆ కరెంటు 130 మిల్లీ ఆంపియర్లు దాటట్లేదు. పగలు సెల్‌లోకి ఎక్కినది రాత్రి కేసుకి చాలు. బూస్ట్ బోర్డు ఊరికే ఉన్నా కాస్త కరెంటు తింటోంది, దానికో స్విచ్ పెట్టాలి.