అప్‌డేట్: ఎం44 నక్షత్ర గుచ్ఛం చివరికి కనిపించింది

కర్కాటక రాశిలోని ఎం44 గుచ్ఛం కంటికి మసక మరకలా కనిపిస్తున్నా, నా 114 మిల్లీమీటర్ల వ్యాసం గల టెలిస్కోపులో నాలుగైదు చుక్కలే ఎందుకు కనిపిస్తున్నాయని గతంలో అడిగాను. తప్పు టెలిస్కోపుది కాదు, నేను వాడిన 10 మిల్లీమీటర్ల ఐపీసుదని (కన్ను పెట్టి చూసే కటకానిదని) చెప్పినవారి మాటే నిజమైంది. నా టెలిస్కోపుకున్న 900 మిల్లీమీటర్ల నాభ్యంతరానికి (ఫోకల్ లెంగ్త్‌కి) అది 90 రెట్లు పెద్దది చేసి, ఆకాశంలో సుమారు అర డిగ్రీ మేరనే, అంటే ఒక నిండు చందమామ పట్టేంత చోటునే చూపుతుంది. గుచ్ఛమో మూడు చందమామలంత వెడల్పు ఉంటుంది.

ఉగాది ముందటి అమావాస్య రాత్రి మా ఊరి డాబా మీద, అరువు తెచ్చుకున్న 32 మిల్లీమీటర్ల ఐపీసు పెట్టి, పుష్యమి నక్షత్రం నుంచి కొద్దిగా జరిపేసరికి, గుచ్ఛమంతా ఒక్కసారిగా చట్రంలోకి వచ్చింది. యాభై వరకు లెక్కపెట్టి వదిలేశాను. తెల్లటి చుక్కల నడుమ రెండు మూడు నారింజ ఛాయవి స్పష్టంగా తెలిశాయి. ఫైండరును, అంటే గురి చూసుకునే చిన్న దుర్బిణిని, పగలే దూరపు సెల్ టవరు కొసకు సరిచేసుకోవడం కూడా కలిసివచ్చింది; అంతకుముందు నేను చూసింది గుచ్ఛం అంచునేమో!

అక్కడికి దక్షిణంగా ఉన్న ఎం67 అనే మరో గుచ్ఛం మాత్రం ఇందుకు విరుద్ధం. చిన్నది, మరింత దూరంలో ఉన్నది కనుక 32లో పొగమరకలా ఉండి, పక్కన పెట్టేసిన ఆ 10 మిల్లీమీటర్ల ఐపీసులోనే, చూపు కాస్త పక్కకు తిప్పినప్పుడు, సన్నని చుక్కలుగా విడిపోయింది.