ఇల్లు మారినప్పటి నుంచి డిస్కస్ చేపలు మూల వదలడం లేదు, తెల్లారుజామున అద్దానికి గుద్దుకుంటున్నాయి

కర్రీపాయింట్ నిజాంపేట్:

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి.

ఆషాఢం రాకముందే మారిపోవాలని మా అత్తగారు పట్టుబట్టారు. దాంతో జూన్‌లో హడావుడిగా వనస్థలిపురం నుంచి నిజాంపేట్ వచ్చేశాం. సామానంతా డీసీఎంలో వేశాం కానీ చేపల్ని మాత్రం వేయనివ్వలేదు. మా కొట్టుకి పెరుగు వచ్చే తెల్ల బకెట్లు మూడు శుభ్రంగా కడిగి, పాత ట్యాంకు నీళ్లే పోసి, నీళ్లలోకి గాలి ఊదే బ్యాటరీ ఏరేటర్ పెట్టి, బావమరిది కారులో ఏసీ కట్టేసి తీసుకొచ్చాం. ట్రాఫిక్‌లో రెండు గంటలు పట్టింది. మాకు చెమటలు పట్టాయి గానీ చేపలు ఐదూ క్షేమంగానే దిగాయి.

ట్యాంకు 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. ఐదూ డిస్కస్‌లే, రకాలు వేరు: రెండు రెడ్ టర్కాయిస్, రెండు బ్లూ డైమండ్, ఒక పిజియన్ బ్లడ్. రెండేళ్లుగా నా దగ్గరే ఉన్నాయి. పాత ఇంట్లో నేను కొట్టు కట్టేసి వస్తే చాలు, ఐదూ ముందు అద్దానికి అతుక్కునేవి. మేత చేతిలోంచే లాక్కునేవి.

ఇప్పుడు 12 రోజులైంది. ఐదూ హీటర్ వెనక మూలలో, రద్దీ టైములో ఫుట్‌బోర్డు మీద వేలాడే జనంలా ఒకదాని మీద ఒకటి ఒరిగి నిలబడుతున్నాయి. రెడ్ టర్కాయిస్‌లు రెండూ నల్లబడ్డాయి. ఒంటి మీద నిలువు చారలు ఎంత స్పష్టంగా ఉన్నాయంటే కూర్చుని లెక్కపెట్టాను, తొమ్మిది. మేత వేస్తే అది అడుగుకి చేరేదాకా ఒక్కటీ కదలదు.

ఇక తెల్లారుజాము సంగతి. కొట్టు పని ఉంటుంది కాబట్టి నేను 4 గంటలకి లేస్తాను. లేచి హాల్లోకి వచ్చిన నిమిషంలోపే ట్యాంకులోంచి ‘దబ్’ మని చప్పుడు. అన్నీ కలిసి ఆ చివర నుంచి ఈ చివరకి దూసుకెళ్లి గుద్దుకుంటున్నాయి. పిజియన్ బ్లడ్‌కి మూతి దగ్గర పొలుసు లేచి తెల్లగా గీసుకుపోయింది. ట్యాంకు వెనక గోడకి అటువైపు వంటగది. అల్లం వెల్లుల్లి మిక్సీకి వేస్తాను కదా, ఆ అదురుకేమో అని నా అనుమానం.

హీటర్ 29 మీద ఉంది. కొత్త ఇంట్లోకి పాత మురికి ఎందుకని స్పాంజ్ ఫిల్టర్లు రెండూ కుళాయి కింద పిండి పిండి కడిగాను. అడుగున ఉన్న గులకరాళ్లు కూడా తీసేశాను. ఇక్కడ షాపులో అడిగితే ఇది రోగమే అని ఒక మందు సీసా చేతిలో పెట్టారు. ఇంకా మూత తీయలేదు. వేయమంటారా, ఆగమంటారా?

సండే చేపలు:

రాళ్ల ఉప్పు వేసి టెంపరేచర్ 33 పెట్టు భయ్యా, సెట్ అయిపోతాయి.

మియాపూర్ బోరు బాధితుడు:

పైన తమ్ముడు చెప్పింది ఇప్పుడే చేయకండి. నీళ్లు వేడెక్కే కొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. అసలే ఇబ్బందిలో ఉన్న చేపలకి ఊపిరి కూడా ఆడకుండా చేసినట్టవుతుంది. మందు సీసా మూత కూడా తీయకండి. రోగం ఏంటో తెలియకుండా వేసే మందు ఫిల్టర్‌ని కూడా దెబ్బ తీయొచ్చు.

అన్నా, మీ పోస్టులో నాకు గుండె జారిన చోటు ఒకటుంది. కుళాయి కింద పిండి పిండి కడిగానన్నారు చూడండి, అక్కడ. ఆ స్పాంజిలో ఉండేది ఉత్త మురికి కాదు. చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియాని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా కాపురం అది. సగం మీరు పిండేశారు, మిగిలింది కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే అది చంపేసి ఉంటుంది. గులకరాళ్లతో ఇంకొంత పోయింది. అంటే ట్యాంకు పాతదే అయినా, లోపల వ్యవహారం మళ్లీ మొదటి రోజుకి వచ్చింది.

రెండోది నీళ్లు. మా అపార్ట్‌మెంట్ సంపులో మంజీరా, బోరు, ట్యాంకరు మూడూ కలుస్తాయి. ఈ రోజు టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 400 ఉంటే ఎల్లుండికి 1000 దాటుతుంది. మీ నిజాంపేట్‌లో కూడా ఇదే కథ అయ్యుంటుంది. ఇప్పుడు దొరికే డిస్కస్‌లు ఫారాల్లో పుట్టినవే, అమెజాన్ నది నుంచి నేరుగా వచ్చినవి కావు. లవణాలు ఎక్కువున్న బోరు నీళ్లలో కూడా బతుకుతాయి, గుడ్లు పెట్టించాలంటేనే లవణాలు తక్కువున్న మెత్తటి నీళ్లు కావాలి. కానీ రోజుకో రకం నీళ్లంటే తట్టుకోలేవు.

అమ్మోనియా, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం), టీడీఎస్ మూడూ చూసి అంకెలు పెట్టండి. ‘బాగానే ఉన్నట్టుంది’ అని మాత్రం రాయకండి, ప్లీజ్.

గాజుపెట్టె:

నీళ్ల సంగతి ఆయన చెప్పారు కాబట్టి నేను మిగతాది అడుగుతాను. మల్కాజిగిరిలో పదకొండేళ్లుగా డిస్కస్ పెంచుతున్నాను, మూడుసార్లు ఇల్లు మారాను.

బాబూ, 4 గంటలకి లేచి మీరు ముందు చేసే పని ఏంటి? మిక్సీ వేయడమా, హాల్లో ట్యూబ్‌లైట్ వేయడమా? నాకు లైటు మీదే అనుమానం. చేపకి కనురెప్పలు ఉండవు. చిమ్మచీకట్లో నిలబడి ఉన్నదాని కళ్లలో ఒక్కసారిగా తెల్ల వెలుతురు పడితే అది పారిపోవాలనే చూస్తుంది. పారిపోవడానికి నాలుగడుగులే ఉంది. ఒక్కటి ఉలిక్కిపడితే గుంపంతా ఉలిక్కిపడుతుంది. పాత ఇంట్లో ట్యాంకు పక్కన జీరో బల్బు లాంటిదేమైనా రాత్రంతా వెలిగేదేమో గుర్తు చేసుకోండి.

ట్యాంకు హాల్లో ఎక్కడ పెట్టారు? వెనకా పక్కలా ఏమైనా అంటించారా? మూడు వైపులా గాజే ఉంటే వాటికి నడిరోడ్డు మీద నిలబెట్టినట్టు ఉంటుంది. స్టేషనరీ షాపులో ముదురు రంగు చార్ట్ తెచ్చి వెనకా, రెండు పక్కలా అంటించండి. పూర్తి నలుపు వద్దు. పిజియన్ బ్లడ్‌కి నల్లటి నేపథ్యంలో ఒళ్లంతా మిరియాల పొడి చల్లినట్టు మచ్చలు పెరుగుతాయి. నీలం తీసుకోండి. అడుగు ఖాళీ గాజు కదా, కింది నుంచి వాటి ప్రతిబింబం వాటికే కనపడి బెదురుతాయి. వేలెడు మందం కూడా అక్కర్లేదు, పలచగా ఇసుక పరిస్తే చాలు. ఒక పెద్ద మొద్దు పెట్టండి. దాక్కోవడానికి చోటుంటే ఇంకా బయటికి రావేమో అనుకుంటారు గానీ, వెనక్కి పోవడానికి దారి ఉందని తెలిస్తేనే ముందుకొస్తాయి.

ట్యాంకు లైటు నాలుగు రోజులు వేయకండి. ఇంకో మాట, ఏమీ అనుకోకండి. గంటకోసారి వెళ్లి అద్దంలోకి తొంగి చూస్తున్నారా? చారలు లెక్కపెట్టానన్నారు కదా, అందుకని అడిగాను.

కర్రీపాయింట్ నిజాంపేట్:

గాజుపెట్టె గారూ, దొరికిపోయాను. గంటకోసారి కాదు, అరగంటకోసారి.

అంకెలు ఇవిగో. టీడీఎస్ 1040. పాత ఇంట్లో కృష్ణా నీళ్లు 320 ఉండేవి. పీహెచ్ 8. అమ్మోనియా టెస్టులో పసుపు రావాల్సింది ఆకుపచ్చ వచ్చింది, కార్డు పక్కన పెట్టి చూస్తే 1 దగ్గర ఉంది. చెయ్యి వణికింది నిజంగా.

ఇవాళ తెల్లారుజామున పరీక్ష పెట్టాను. హాల్లో లైటు వేయకుండా, ఫోన్ వెలుగు నేలకేసి పట్టుకుని వంటగదిలోకి వెళ్లి మిక్సీ వేశాను. బావమరిదిని ట్యాంకు పక్కన కూర్చోబెట్టాను. రెక్కలు ఒకసారి ముడిచి మళ్లీ విప్పాయట, అంతే. ఐదు నిమిషాలాగి ట్యూబ్‌లైట్ స్విచ్ నొక్కాను. దబ్! మిక్సీ నిర్దోషి. పాత ఇంట్లో దేవుడి గూటి దగ్గర ఎర్ర బల్బు రాత్రంతా వెలిగేది, ట్యాంకు దాని కిందే ఉండేది. ఇక్కడ దేవుడి గది వేరే.

ట్యాంకు పెట్టింది మెయిన్ డోర్ పక్కనే. వచ్చేవాళ్లకి బాగా కనపడుతుందని.

మియాపూర్ బోరు బాధితుడు:

పీహెచ్ 8, అమ్మోనియా 1 అంటే చిన్న విషయం కాదు. అదే అమ్మోనియా పీహెచ్ 7 దగ్గర ఉన్నదానికంటే 8 దగ్గర దాదాపు పదింతలు విషం. చేపలు బెదిరిపోయింది లైటుకే కావచ్చు, తిండి మానేసింది మాత్రం దీనివల్ల కూడా. రెండూ కలిసి కొట్టాయి.

ఈ రాత్రే 50 లీటర్లు మార్చండి. ఆ తర్వాత అమ్మోనియా సున్నాకి వచ్చేదాకా రోజూ అంతే. పోసే నీళ్లు ముందురోజే డ్రమ్ములో పట్టి, యాంటీ క్లోరిన్ వేసి, రాత్రంతా గాలి రాయి (గాలి బుడగలు వదిలే రాయి) నడిపి, 29కి వేడి చేసి పోయండి. ఈ రాత్రికి ఆగే టైము లేదు కాబట్టి యాంటీ క్లోరిన్ వేసి, వేడి సరిచూసి, మగ్గుతో మెల్లగా పోయండి చాలు. టీడీఎస్ తగ్గించాలని ఒక్కసారే ఆర్వో నీళ్లు గుమ్మరించకండి. 12 రోజులుగా 1040కి అలవాటు పడి ఉన్నాయి. మొదట్లో పోసే నీళ్లలో నాలుగింట ఒక వంతు ఆర్వో కలపండి, వారం తర్వాత సగం చేయండి. మేత రెండు రోజులు బంద్. ఆకలికి చావవు.

నా ట్యాంకులో ఏడాదిగా నడుస్తున్న స్పాంజ్ ఒకటి ఇస్తాను, వచ్చి తీసుకెళ్లండి. నా చేపలకి ఏ జబ్బూ లేదు, అయినా ముందే చెప్తున్నా, వేరేవాళ్ల స్పాంజ్ అంటే కొంత రిస్కే. అదే ట్యాంకు నీళ్లలో ముంచి తీసుకెళ్లాలి, దారిలో ఆరిపోకూడదు. పెరుగు బకెట్ తెచ్చుకోండి.

లాల్‌దర్వాజా చేపలోడు:

తలుపు పక్కనుంచి మాత్రం మార్చండి అన్నా. తలుపు ధనామని పడ్డప్పుడల్లా ఆ అదురు చేప ఒంటి పక్కన ఉండే గీతకి తెలుస్తుంది. మా ఇల్లు బోనాల ఊరేగింపు దారిలోనే. తీన్‌మార్ మొదలైతే మా కిటికీ అద్దాలే కొట్టుకుంటాయి. మొదటి ఏడాది నా డిస్కస్ ఒకటి ఎగిరి మూత సందులోంచి కింద పడింది. అప్పటి నుంచి పండగ రెండు రోజులూ ట్యాంకు మీద దుప్పటి కప్పేస్తా, కింద స్టాండుకి థర్మాకోల్ షీట్ ఉంది. చేపలు ఆగుతాయి, నేనే ఆగలేక డాన్సుకి పోతా.

ట్యాంకు జరపాలంటే మూడొంతుల నీళ్లు తీసి నలుగురు పట్టండి. నిండుగా జరిపితే అతుకు ఊడుతుంది.

కర్రీపాయింట్ నిజాంపేట్:

అందరికీ ఒక అప్‌డేట్ బాకీ ఉన్నాను.

స్పాంజ్ ఆ రాత్రే తెచ్చుకున్నాను. మియాపూర్ అన్న డబ్బులు తీసుకోలేదు, గుత్తి వంకాయ డబ్బా ఇస్తే మాత్రం కాదనలేదు. ట్యాంకు హాల్లో లోపలి మూలకి జరిపాం, తీసిన నీళ్లు డ్రమ్ముల్లో దాచి అవే మళ్లీ పోశాం. నీలం చార్ట్ అంటించాను, ఎర్ర బల్బు కొని అక్కడే పెట్టాను. తొమ్మిదో రోజుకి అమ్మోనియా టెస్టు పసుపు రంగు చూపించింది. తెల్లారుజామున దబ్ మనే చప్పుడు వినపడి వారమైంది. పిజియన్ బ్లడ్ మూతి మానుతోంది. మందు సీసా షాపువాళ్లు వెనక్కి తీసుకోలేదు, అలమరలో ఉంది.

తిండి ఎలా మొదలైందో చెప్పాలి. మా అత్తగారు రోజూ సాయంత్రం కొట్టుకి గోంగూర ఒలుస్తారు. కొత్త ఇంట్లో ఫ్యాను గాలి తగిలేది ట్యాంకు ముందే అని పీట అక్కడ వేసుకుంటున్నారు. చేపల వంక చూడనే చూడరు. తల వంచుకుని ఆకు తుంచుతారు, కాడ ఒక పక్క, ఆకు ఒక పక్క. మొన్న నేను వంటగది గుమ్మం దగ్గర ఆగి చూశాను. చిన్న రెడ్ టర్కాయిస్ మొద్దు వెనక నుంచి సగం బయటికొచ్చింది, ఆగింది, ఇంకో జానెడు వచ్చింది. చారలు పోయాయి, కంటి మీద ఒకటి, తోక దగ్గర ఒకటి మిగిలాయి. అద్దం దగ్గరికి వచ్చి ఆవిడ వేళ్లనే చూస్తోంది. దాని వెనకే బ్లూ డైమండ్‌లు. పొద్దున మేతగా వేసిన బ్లడ్‌వార్మ్ (ఎర్ర పురుగు) ముక్క ఇసుక మీద ఒకటి మిగిలి ఉంటే, చిన్నది తల వంచి ఇసుక మీదకి ఫూ అని నీళ్లు ఊది, దాన్ని లేపి నోట్లో వేసుకుంది. ఆ ఊదడం చూసి మూడు వారాలైంది.

నేను ఆగలేక ఒక అడుగు ముందుకేశాను. ఐదూ వెనక్కి. అత్తగారు తల ఎత్తకుండానే, “కాసేపు అటు పోండి బాబూ, తిననివ్వండి వాటిని” అన్నారు. గుమ్మంలోనే నిలబడ్డాను. ఆ రోజు గోంగూర పప్పు కొట్టుకి అరగంట లేటుగా వెళ్లింది.