ఏపీ 39 నంబరు చూస్తే ఏ ఊరి బండో ఎందుకు తెలియడం లేదు?

మారతహళ్లి వాసి:
బెంగళూరులోని మా అపార్ట్‌మెంట్ సెల్లారులో తెలుగువాళ్ల కార్లు చాలా ఉన్నాయి. పాత బండిపై ఏపీ 03 ఉంటే చిత్తూరు అనీ, ఏపీ 26 ఉంటే నెల్లూరు అనీ చూడగానే చెప్పేస్తాం. నా కారును నెల్లూరులోనే రిజిస్ట్రేషన్ చేయించినా దానికి ఏపీ 39 వచ్చింది. ఇక్కడ మాత్రం కేఏ 03 అంటే ఇందిరానగర్, కేఏ 53 అంటే కె.ఆర్.పురం అని ఇప్పటికీ తెలుస్తోంది. ఈ తేడా ఎందుకండీ? బెంగళూరులోనే స్థిరపడుతున్నాను కాబట్టి నంబరు మార్చుకోక తప్పదా, రాష్ట్రం మారినా మార్చనక్కర్లేని బీహెచ్ (భారత్) సిరీస్ నంబరు తీసుకోవచ్చా?

జయనగర్ పాఠకుడు:
ఆంధ్రప్రదేశ్ 2019లో జిల్లా కోడ్‌లను పక్కనపెట్టి, కొత్త బండ్లకు రాష్ట్రమంతటా ఏపీ 39 ఇవ్వడం మొదలుపెట్టింది. కర్ణాటకలో ప్రతి ఆర్టీఓ కార్యాలయానికీ ఇంకా సొంత కోడ్ ఉంది. అందుకే మా జయనగర్ బండి కేఏ 05 అయితే ఎలక్ట్రానిక్ సిటీ బండి కేఏ 51 అవుతుంది. కోడ్ తర్వాత వచ్చే ఒక్కో అక్షరాల జతకు 0001 నుంచి 9999 దాకా నంబర్లుంటాయి. అంకెల్లా కనిపించే ఐ, ఓ అక్షరాలను వదిలేస్తే 576 జతలు మిగులుతాయి గనుక, రెండక్షరాల సిరీస్‌లతో ఒక కోడ్‌కు సుమారు 57.6 లక్షల నంబర్లు వస్తాయి. ఒక కార్యాలయానికి అది ఎన్నో ఏళ్లు సరిపోతుంది, రాష్ట్రమంతా పంచుకుంటే మాత్రం త్వరగా తరిగిపోతుంది. నన్నడిగితే జిల్లా కోడే మేలు: బండి ఏ ప్రాంతానిదో దారినపోయేవారికి కూడా చెప్పగలగడం నంబరు చేసే చిన్న పనేమీ కాదు.

కె.ఆర్.పురం నుంచి:
మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం, వేరే రాష్ట్రపు బండి పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి. అందుకు ముందుగా సొంత ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని, ఇక్కడ జీవితకాల పన్ను కట్టి, అక్కడ కట్టినదానిలో మిగిలిన కాలానికి వాపసు అడగాలి. బీహెచ్ సిరీస్ 2021 సెప్టెంబరులో వచ్చింది. ప్రభుత్వోద్యోగులతోపాటు, నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్లో కార్యాలయాలున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులూ తీసుకోవచ్చు. ఇందులో పన్నును రెండేళ్లకోసారి కడతారు. 2022 డిసెంబరు సవరణ తర్వాత, ఇప్పటికే మామూలు నంబరున్న బండికీ ఈ అవకాశం ఉంది. మళ్లీ బదిలీ అయ్యే ఉద్యోగమైతే బీహెచ్ తీసుకోండి. ఇక్కడే ఉండిపోయేవారికి కేఏ నంబరే నయం.

జయనగర్ పాఠకుడు:
ఏది తీసుకున్నా పాత ప్లేటు పనికిరాదని గుర్తుంచుకోండి. 2019 ఏప్రిల్ 1 తర్వాతి బండ్లన్నింటికీ హై సెక్యూరిటీ ప్లేటు ఉంటుంది కదా. దాన్ని దగ్గరగా చూడండి: ఎడమ వైపు పైన అశోక చక్రం హోలోగ్రామ్, దాని కింద నీలిరంగులో ఐఎన్‌డీ, ఇంకా కింద లేజరుతో చెక్కిన గుర్తింపు సంఖ్య, నంబరు అక్షరాల మీద వాలుగా సన్నగా అచ్చయిన ‘ఇండియా’ కనిపిస్తాయి. స్నాప్ లాక్‌ను విరిస్తేగానీ ప్లేటు ఊడి రాదు. కొత్త నంబరు రాగానే ముందు అద్దానికి లోపల అంటించే స్టిక్కరు కూడా మార్పించండి. పెట్రోలు బండికి లేత నీలం, డీజిల్ బండికి నారింజ రంగు ఉంటుంది.