గైడ్ కెమెరా ఫోకస్: సాయంత్రం కుదిరింది రాత్రికి ఎందుకు చెదురుతోంది?

బ్రాడీపేట డాబా
ఫొటోలు తీసేటప్పుడు ఒక నక్షత్రాన్ని గమనిస్తూ పెద్ద స్కోప్ గురి తప్పకుండా చూసే గైడ్ స్కోప్ నాది 50 మి.మీ., ఫోకల్ లెంగ్త్ 200 మి.మీ. దానికి మోనో (నలుపు-తెలుపు) కెమెరా, పిక్సెల్ 3.75 మైక్రాన్లు. వెలుతురు ఉండగానే 300 మీటర్ల దూరంలోని సెల్ టవర్ మీద ఫోకస్ పెట్టి స్క్రూ బిగిస్తున్నాను. రాత్రి గైడింగ్ సాఫ్ట్‌వేర్ పీహెచ్‌డీ2లో హెచ్‌ఎఫ్‌డీ (నక్షత్రం వెలుగులో సగం ఇమిడే వృత్తం వ్యాసం, పిక్సెళ్ళలో) 7 చూపిస్తోంది, మాటిమాటికీ నక్షత్రం తప్పిపోతోంది. నక్షత్రం కాస్త మసకగా ఉంటేనే గైడింగ్ మేలని కొందరంటున్నారు. నిజమేనా అండీ?

కృష్ణ ఒడ్డు
టవర్ మరీ దగ్గరండీ. ఫోకల్ లెంగ్త్‌ను దానితోనే గుణించి దూరంతో భాగిస్తే, నక్షత్రాల ఫోకస్ నుంచి ఎంత పక్కకి పోయారో తెలుస్తుంది. 200 × 200 ÷ 3,00,000 అంటే 0.13 మి.మీ. మీది లాంటి ఎఫ్/4 (200 ÷ 50) స్కోప్‌కి అటూ ఇటూ 0.02 మి.మీ. దాటితే ఫోకస్ పోయినట్టే. 0.13 తేడాకి నక్షత్రం 33 మైక్రాన్ల బిళ్ళ అవుతుంది, అంటే దాదాపు 9 పిక్సెళ్ళు. హెచ్‌ఎఫ్‌డీ సగం వెలుగు వెడల్పే కాబట్టి బిళ్ళకంటే తక్కువ చూపిస్తుంది, మీకు కనిపిస్తున్న 7 అక్కడి నుంచే వచ్చింది. వెలుగు అన్ని పిక్సెళ్ళకి పరుచుకుంటే చిన్న నక్షత్రాలు నాయిస్‌లో కలిసిపోతాయి.

మీ డాబా నుంచి కొండవీడు గట్టు కనబడితే ఆ దూరం చాలు, ముతక ఫోకస్ వస్తుంది. చంద్రుడి అంచైనా సరే. అసలు ఫోకస్ మాత్రం నక్షత్రం మీదే చెయ్యాలి, అదీ స్కోప్ బయటపెట్టి అరగంట అయ్యాక. గొట్టం 5 డిగ్రీలు చల్లబడితే అల్యూమినియం 0.02 మి.మీ. పైగా కుంచించుకుంటుంది.

మసక సంగతి: మీ సెటప్‌లో ఒక పిక్సెల్‌లో పట్టే ఆకాశం 3.87 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను). నక్షత్రం ఒక్క పిక్సెల్‌లోనే ఇమిడిపోతే దాని కేంద్రం సరిగా లెక్కకి రాదు, ఆ మాట అందుకే పుట్టింది. కానీ 50 మి.మీ. లెన్సు, గాలి కదలిక కలిసి ఎలాగూ రెండు మూడు పిక్సెళ్ళకి పరుస్తాయి. కావాలని చెడగొట్టొద్దు.

మంగళగిరి స్కోప్
చేసే పద్ధతి చెబుతాను. నడినెత్తికి దగ్గరగా ఉన్న నక్షత్రం తీసుకోండి, కిందివి దుమ్ములో ఉబ్బుతాయి. ముందు బాగా వెలిగేదాన్ని 0.2 సెకన్ల ఎక్స్‌పోజర్‌తో చుక్కగా తెచ్చుకుని, తర్వాత మధ్యరకం నక్షత్రానికి మారి 2 సెకన్లు పెట్టండి. గైడింగ్ ఆపి లూపింగ్ (వరుసగా ఫ్రేములు తీయడం) మాత్రం నడపండి. స్టార్ ప్రొఫైల్‌లో (నక్షత్రం వెలుగు గ్రాఫ్‌లో) శిఖరం బల్లపరుపుగా ఉంటే అది సాచురేట్ అయింది, అంటే పిక్సెల్ వెలుగుతో నిండిపోయింది, ఆ అంకె నమ్మొద్దు.

ఫోకసర్‌ని వెంట్రుకవాసి తిప్పడం, నాలుగైదు ఫ్రేములు ఆగడం. డాబా కాంక్రీటు వేడికి ప్రతి ఫ్రేములో అంకె ఊగుతుంది, ఒక్కదాన్ని చూసి తిప్పితే వెంటపడుతూనే ఉంటారు. హెచ్‌ఎఫ్‌డీ తగ్గి మళ్ళీ పెరిగేదాకా వెళ్ళి, వెనక్కి బాగా వచ్చి, మొదట తిప్పిన దిశలోనే ముగించండి. లేకపోతే మరలోని వదులు మోసం చేస్తుంది. 2 నుంచి 3 మధ్య వస్తే బిగించండి. బిగించాక మళ్ళీ చూడాలి: లాక్ రింగ్ బిగింపుకే ఫోకస్ జరగడం మామూలే.

బ్రాడీపేట డాబా
ఇప్పుడు 2.6 వచ్చింది, ధన్యవాదాలండీ. కానీ తనే నక్షత్రాన్ని ఎంచుకునే ఆటో సెలెక్ట్ ఒక్కోసారి హెచ్‌ఎఫ్‌డీ 1 ఉన్న చుక్కని పట్టుకుంటోంది. ఫోకస్ ఇంకా మెరుగైనట్టా?

మంగళగిరి స్కోప్
కాదండీ, అది హాట్ పిక్సెల్, వెలుగు పడకపోయినా వెలిగే పిక్సెల్. మౌంట్‌ని (స్కోప్‌ని తిప్పే స్టాండుని) కాస్త కదపండి, నక్షత్రాలన్నీ జరిగినా అది జరగదు. మన ఉక్కపోతలో చల్లబరిచే ఏర్పాటు లేని కెమెరాలకి ఇవి ఎక్కువ. మూత పెట్టి, ఈ వేడిలోనే డార్క్ లైబ్రరీ (హాట్ పిక్సెళ్ళని తీసేయడానికి వాడే చీకటి ఫ్రేములు) కొత్తగా తీయండి, చలికాలంది పనికిరాదు. ఫోకస్ చేసేటప్పుడు కెమెరా తన గొట్టంలో గుండ్రంగా తిరిగి ఉంటే పాత క్యాలిబ్రేషన్ (మౌంట్ కదిలితే ఫ్రేములో నక్షత్రం ఎటు జరుగుతుందో కొలిచిన లెక్క) కూడా చెల్లదు, మళ్ళీ చేసుకోండి.