జపాన్‌లో భర్త ‘దన్న’ ఎలా అయ్యాడు?

ప్రశ్న: అందరికీ నమస్కారం. ఒసాకాలో ఉంటున్నాను. మా పక్కింటావిడ తన భర్త ప్రస్తావన వచ్చినప్పుడల్లా ‘దన్న’ అంటుంది. మొదట్లో వాళ్ళ అన్నయ్య గురించి చెబుతోందనుకున్నాను. ఈ మాట మన ‘అన్న’కు చుట్టమేనా?

జవాబు: ‘అన్న’కు కాదండీ, ‘దానం’కి చుట్టం. బౌద్ధ గ్రంథాలను చైనీస్‌లోకి తెచ్చినవాళ్ళు సంస్కృత ‘దాన’ను ధ్వనిని బట్టి రెండు అక్షరాల్లో రాసుకున్నారు. ఆ అక్షరాలనే జపాన్‌లో ‘దన్న’ అని చదివారు. దానం కాస్తా దానం చేసేవాడై, ఆలయాన్ని పోషించే గృహస్థై, దుకాణం యజమానై, చివరికి ఇంటాయన అయింది. 17వ శతాబ్దంలో తొకుగావ ప్రభుత్వం క్రైస్తవాన్ని నిషేధించి, ప్రతి కుటుంబమూ ఏదో ఒక బౌద్ధాలయంలో పేరు నమోదు చేయించుకోవాలంది. అలా నమోదైన ఇల్లు ‘దన్‌క’. ఆ ‘దన్’ కూడా ఇదే.

నాకు ఇంతకన్నా ఇష్టమైన ముక్క ఇంకొకటుంది. అదే దానాన్ని చైనాలో అర్థాన్ని బట్టి కూడా అనువదించారు: ‘బుషి’. ఇది బౌద్ధం రాకముందు నుంచీ ఉన్న మాట. దావో మార్గీయుల ‘జువాంగ్‌జి’లో ఇద్దరు కన్‌ఫ్యూషియస్ మార్గీయులు దోచుకోవడానికి ఒక సమాధిని తవ్వుతుంటారు. “తూర్పు తెల్లవారుతోంది, పని ఎంతవరకు వచ్చింది?” అని పైనున్న పెద్దాయన అడుగుతాడు. “బట్టలింకా విప్పలేదు, నోట్లో ముత్యం మాత్రం ఉంది” అని లోపలినుంచి జవాబు. బతికుండగా ‘బుషి’ చేయనివాడికి చచ్చాక నోట్లో ముత్యమెందుకని ఒక పద్యం కూడా చదివి, ముత్యం చెడకుండా దవడలు మెల్లగా విప్పుతారు! కన్‌ఫ్యూషియస్ మార్గీయులను వెక్కిరించడానికి దావో గ్రంథం వాడిన ఆ మాటనే బౌద్ధులు తీసుకుని, పారమితల్లో, అంటే బోధిసత్వుడు సాధించాల్సిన గుణాల్లో, మొదటిదైన దానానికి పెట్టుకున్నారు. జపాన్‌లో అది ‘ఫుసె’. అంత్యక్రియలు చేయించిన బౌద్ధ పురోహితుడికి కవరులో పెట్టి ఇచ్చే డబ్బును నేటికీ ‘ఒఫుసె’ అంటారు.

మొత్తానికి దానం తాలూకు అర్థం పురోహితుడికి దక్కింది, శబ్దం భర్తకు మిగిలింది.

ఇంకొకరు: అయితే ఒకరి బాగోగులు చూసుకోవడాన్ని జపనీస్‌లో ‘సెవ’ అంటారు కదా, అది మన ‘సేవ’ కాదూ?

జవాబు: చాలామంది కాలు జారేది అక్కడేనండీ. దానికి సంస్కృతంతో సంబంధం లేదు, ధ్వని కలిసిందంతే. దన్నకు ఉన్నట్టు దానికి బౌద్ధ గ్రంథాల దారి లేదు. దారి చూపించకుండా చుట్టరికం కలపకూడదు. అన్నట్టు, ‘దన్న’లో యజమాని వాసన తగులుతోందని కొందరు మహిళలు దాన్ని మానేసి ‘ఒత్తొ’ అంటున్నారు. ఇది అచ్చ జపనీస్ మాట.

మొదట అడిగినవారు: ధన్యవాదాలండీ. సాయంత్రం పక్కింటావిడకు ఇదంతా చెప్పాను. పడీపడీ నవ్వింది. “ఆయన జీతమంతా నా చేతికే వస్తుంది, నెలనెలా ఆయన జేబు ఖర్చుకు నేనే ఇస్తాను. మరి మా ఇంట్లో దన్న ఎవరు?” అంది.